ఉక్కుపెట్టెలో నివాసము: వేడి, ఆవిరి, తొడుగు

ఓడలపై సరుకు మోయుటకై పుట్టిన ఉక్కుపెట్టెను మనుష్యులు వసింపదగిన గదిగా మార్చుట సాధ్యమేనా యని సందేహించు కాలము గడచిపోయినది. లండనులో థేమ్సు నది యొడ్డున ట్రినిటీ బోయ్ వార్ఫ్‌లో 2001లో వెలసిన కంటైనర్ సిటీయు, దక్షిణధ్రువఖండమున లార్సెమన్ కొండలపై 2012 మార్చిలో ప్రారంభమైన మన దేశపు భారతి పరిశోధనాకేంద్రమును, అడవిలో పక్కా కట్టడమునకు అనుమతి లభింపనందున ములుగు జిల్లా బంగారుపల్లిలో 2024లో తెఱచిన కంటైనర్ బడియు ఆ సందేహమునకు సమాధానములు. హైదరాబాదులో అపార్టుమెంటు లేచుచున్న ప్రతిచోటను సైటు ఇంజనీరు గారి ఆఫీసు ఇట్టి పెట్టెలోనో, దాని పోలికతో చేసిన పోర్టా క్యాబిన్‌లోనో నడచుచుండుట అందఱు నెఱిగినదే.

తేలవలసినది లోపలి పనిని గూర్చిన వివాదము. గోడకు ఏ పదార్థము, ఎంత మందమున, ఏ వరుసలో అమర్చవలెనని యడిగినచో వడ్రంగి ప్లైవుడ్ సంగతి చెప్పును. పఫ్ అను పాలీయురేథేన్ నురుగును కొట్టువాడు పఫ్ తప్ప వేఱు గతి లేదనును. ఏసీ మెకానిక్కు ఇంకొక అరటన్ను పెంచుమనును. ముగ్గురును మాటలాడునది వేడిని గూర్చియే. కాని ఇట్టి గదులు పాడగుటకు వేడికంటె నీటియావిరి తఱచు కారణమగుచున్నది; ఆవిరి ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోవుచున్నదో తెలియక చేసిన తొడుగు ఎంత అందముగా నున్నను రెండు వర్షాకాలములు దాటుట కష్టము. ఈ ప్రశ్నకు గల వివిధ సమాధానములను ఆ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

పెట్టె స్వభావము

1956 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలో లారీల వ్యాపారి యైన మాల్కం మెక్లీన్ ఐడియల్ ఎక్స్ అను ఓడపై 58 పెట్టెలను న్యూవార్క్ రేవునుండి హ్యూస్టనునకు పంపినది మొదలు, ఈ పెట్టెకు గల గుణములన్నియు సరుకును దృష్టిలో నుంచుకొని నిర్ణయింపబడినవే. అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి 20 అడుగుల పెట్టె వెలుపల 6.058 మీటర్ల పొడవు, 2.438 మీటర్ల వెడల్పు, 2.591 మీటర్ల ఎత్తు గలది. లోపల మిగులునది సుమారు 5.90 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు, 2.39 మీటర్ల ఎత్తు; హైక్యూబ్ అను ఎత్తైన రకములో మాత్రము లోపలి ఎత్తు 2.69 మీటర్లు. గోడ రేకు రెండు మిల్లీమీటర్లకు మించదు. తుప్పును కొంత తట్టుకొనగల ఉక్కుతో చేసి, నిలువున సుమారు 36 మిల్లీమీటర్ల లోతు మడతలు వేయుటచే దానికి బలము వచ్చినది. పైన పేర్చిన పెట్టెల బరువంతయు నాలుగు మూలల స్తంభములు మోయును. పైకప్పు రేకు మోయదు. కిటికీకై గోడ కోసినచోట ఆ కోత చుట్టును స్క్వేరు పైపుతో చట్రము వెల్డింగు చేయక విడిచినచో మడతల బలము పోయి గోడ వంగిపోవును.

ఇక వాసయోగ్యత. జాతీయ భవననిర్మాణ నియమావళి ఒంటిగది నివాసమునకు 9.5 చదరపు మీటర్ల వైశాల్యమును, 2.4 మీటర్ల కనీసపు వెడల్పును, 2.75 మీటర్ల ఎత్తును నిర్దేశించుచున్నది. ఏసీ గల గదికి 2.4 మీటర్ల ఎత్తు చాలునని సడలింపు నిచ్చుచున్నది. వైశాల్యమున మన పెట్టె సులభముగా నెగ్గును. వెడల్పున, లోపల ఒక్క మేకైనను కొట్టకముందే, అయిదు సెంటీమీటర్లు తక్కువ. ఆపై ప్రతి గోడకు 9 సెంటీమీటర్ల మందమున తొడుగు వేసినచో వెడల్పు 2.17 మీటర్లకు దిగును, 13.9 చదరపు మీటర్ల నేల 12.4 అగును. పైకప్పునకు పది, నేలకు అయిదు సెంటీమీటర్లు పోగా మామూలు పెట్టె ఎత్తు 2.24 మీటర్లే, హైక్యూబ్ మాత్రము 2.54 మీటర్లతో ఏసీ గది నియమమును దాటగలదు. కావున నివాసమునకు పెట్టెను కొనువాడు మొదట హైక్యూబ్‌నే యడుగవలెను. ఈ ఒక్క నిర్ణయము తరువాతి పది తిప్పలను తప్పించును.

వేడి లెక్క

తొడుగు లేని ఉక్కురేకు గుండ, వెలుపలికిని లోపలికిని ఒక డిగ్రీ తేడా యున్నపుడు, చదరపు మీటరునకు దాదాపు 5.9 వాట్ల వేడి ప్రవహించును. ఆ 5.9లో ఉక్కు అడ్డుపడినది శూన్యమనియే చెప్పవచ్చును. రేకునకు ఇరుప్రక్కల నంటియుండు పలుచని గాలిపొరలు మాత్రమే కొంత అడ్డుకొనుచున్నవి. 20 అడుగుల పెట్టె గోడలును పైకప్పును కలిసి సుమారు 59 చదరపు మీటర్లు. పది డిగ్రీల తేడాకు లోపలికి చొచ్చుకొని వచ్చునది దాదాపు 3,500 వాట్లు. అనగా ఒక టన్ను ఏసీ తన సర్వశక్తిని గోడలకే సమర్పించి, గదిలోని మనిషికి ఏమియు మిగుల్చదు. అదే పెట్టెకు 50 మిల్లీమీటర్ల పఫ్ పట్టించినచో ఆ వేడి 270 వాట్లకు పడిపోవును. మఱియొక 50 మిల్లీమీటర్లు కలిపిన 140 వాట్ల దాపునకు వచ్చును. మొదటి పొర మూడువేల రెండువందల వాట్లను ఆపినది. రెండవ పొర ఆపినది నూట ముప్పదిని మాత్రమే, అందుకై గది రెండు ప్రక్కల కలిసి పది సెంటీమీటర్లు ఇఱుకైనది. మన వాతావరణమున మందమును గూర్చి అతిగా వాదించుట ఏల నిష్ప్రయోజనమో ఈ అంకెలే చెప్పుచున్నవి.

ఇది నీడలోని లెక్క. ఎండలో నల్లని లేక ముదురురంగు పైకప్పు 60 డిగ్రీలు దాటుట అరుదు కాదు. దీనికి చౌకయైన ఉపాయము తొడుగులో లేదు, పైన కలదు: పెట్టెకు జానెడెత్తున వేఱొక రేకుల కప్పు వేసి, నడుమ గాలి యాడనిచ్చినచో ఎండ ఆ పైరేకు మీదనే నిలిచిపోవును. తెల్లరంగు కూడ ఎండను త్రిప్పికొట్టి మేలుచేయును. అయితే మిల్లీమీటరు మందమైనను లేని రంగు అంగుళాల మందపు పలకకు సమానమని కొందఱు వర్తకులు చెప్పు మాటకు భౌతికశాస్త్రమున తావు లేదు. వెండివలె మెఱయు బబుల్ షీటు సంగతియు నట్టిదే. దాని మెఱుపు వికిరణమును మాత్రమే ఆపగలదు, అదియు ఎదుట ఖాళీగాలి యున్నపుడు. రేకునకు ఆనించి దానిపై బోర్డు బిగించినచో మిగులునది ఆ బుడగల మందమే.

వేడి లెక్కలో మఱొక దొంగదారి కలదు. బోర్డులు బిగించుటకై జి.ఐ. ఛానెళ్ళను నేరుగా రేకునకు వెల్డింగు చేయుట మన షెడ్డుల పనిలో పరిపాటి. పఫ్‌తో పోల్చగా ఉక్కు రెండువేల రెట్లు సులభముగా వేడిని పోనిచ్చును. కావున రెండు అడుగుల కొకటిగా నిలిచిన ఛానెలు, చుట్టునున్న పఫ్‌ను వెక్కిరించుచు, వేడికి రాజమార్గమగును. చెక్క బద్దెలు వాడుటయో, ఛానెలునకు రేకునకు నడుమ రబ్బరు పట్టీ వేయుటయో, అన్నిటికంటె మేలుగా ఛానెలు రేకును తాకకుండ నేలనుండి పైకప్పు వఱకు విడిగా నిలుపుటయో దీనికి విరుగుడు.

ఆవిరి లెక్క

ఓడ ప్రయాణములో పగటి వేడికి సరుకునుండి లేచిన ఆవిరి రాత్రి పైకప్పు రేకున నీరై తిరిగి సరుకుపై కురియుట రవాణాదారులకు పాత అనుభవము. వారు దానిని కంటైనర్ వాన యనుటయు, కాఫీగింజల వంటి సరుకుతోపాటు కాల్షియం క్లోరైడ్ సంచులను వ్రేలాడదీయుటయు కలదు. సరుకునకు పట్టిన గతియే మనిషికిని పట్టును. మనిషి నిద్రలో కూడ ఆవిరిని విడుచుచునే యుండును గదా. గాలి చల్లబడినకొలది ఆవిరిని మోయుశక్తి తగ్గి, తుషారస్థానమను ఉష్ణోగ్రత వద్ద ఆ ఆవిరి నీరుగా దిగును. ఐసునీళ్ళు పోసిన గ్లాసునకు చెమట పట్టునట్లు, ఆ ఉష్ణోగ్రతకు దిగువనున్న ఏ తలమైనను తడియును. కావున అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: గోడ మందములో ఏ తలము తుషారస్థానమునకు దిగువన నుండును, అచ్చటికి ఆవిరి చేరగలదా?

రెండు ఊళ్ళను తీసికొందము. హైదరాబాదులో డిసెంబరు రాత్రి వెలుపల 12 డిగ్రీలు. తలుపులు మూసికొని ఇద్దఱు నిద్రించుచున్న గదిలో 24 డిగ్రీలు, ఆర్ద్రత 60 శాతము అనుకొందము. తుషారస్థానము 16 డిగ్రీలకు కొంచెము దిగువ. రాక్‌వూల్ అను రాతియున్ని మాత్రమే నింపిన గోడలో ఆవిరి ఆ పోగుల నడుమనుండి నిరాటంకముగా పోయి 12 డిగ్రీల రేకును తాకి నీరగును. పైకప్పు నిర్మలాకాశమునకు వేడిని విడుచుచు గాలికంటెను చల్లబడుటచే అచ్చట మఱింత. ఇచ్చట ఆవిరి లోపలినుండి వెలుపలికి పోవుచున్నది. ఉక్కురేకు దానిని చివరి అడుగులో, చల్లని ప్రక్కన, అడ్డగించుచున్నది. శీతలదేశములలో వ్రాయబడిన పుస్తకములన్నియు గదివైపున ప్లాస్టిక్ షీటు పఱచుమని శాసించుట ఇందువలననే.

విశాఖపట్నమున కథ తలక్రిందులగును. ఆగస్టులో వెలుపల 32 డిగ్రీలు, ఆర్ద్రత 75 శాతము. తుషారస్థానము 27 డిగ్రీల వద్ద. లోపల ఏసీ 24 డిగ్రీలకు పెట్టినారు. ఆవిరి వెలుపలినుండి లోపలికి దారి వెదకుచున్నది. దానికి ఎదురుగా నిలిచిన ఉక్కురేకు ఇప్పుడు సరియైన ప్రక్కననే యున్నది. అంతకుమించిన ఆవిరినిరోధకమును ఎవ్వరును కొనజాలరు. కాని మనము దానికి కిటికీలు కోసితిమి, వైర్లకు రంధ్రములు తొలిచితిమి, తలుపు రబ్బరు అరిగిపోయినది. ఆ సందులనుండి దూరిన ఆవిరి ఉన్నిని దాటి 24 డిగ్రీల లోపలి బోర్డు వీపును తాకి నీరగును. శీతలదేశపు పుస్తకము చెప్పినట్లు అచ్చట ప్లాస్టిక్ షీటు పఱచియున్నచో, లేదా సోకునకై వినైల్ వాల్‌పేపరు అంటించియున్నచో, నీరు గదిలోనికి ఆఱిపోవుటకు దారి లేక నిలిచి, బోర్డు ఉబ్బి, వెనుక నల్లని బూజు పట్టును. ఒక ఊర ప్రాణరక్షణ యైనది మఱియొక ఊర ప్రాణాంతకమగుట ఇట్టిది.

ఈ దోషము కంటికి కనబడు విధమును చూడవచ్చును. తీరప్రాంతమున ఒక వర్షాకాలము గడచిన పెట్టెగది ఫాల్స్ సీలింగు క్రింద నిలుచుండి తల యెత్తినచో, రెండడుగుల ఎడముతో వరుసగా గోధుమరంగు చుక్కలు కనబడును. ప్రతి చుక్క నడుమ ఒక స్క్రూ తల. పైనున్న ఛానెలు, దానికి తగిలిన స్క్రూ, రెండును ఉక్కే. చల్లదనము వాని వెంట ప్రాకి, ఆవిరి వాని మీదనే మొదట దిగి, తుప్పునీరై జిప్సం బోర్డు కాగితములోనికి ఇంకినది. ఆ చుక్కలను పుట్టీ పెట్టి రంగు వేసి కప్పినను, పై యేడు తిరిగి అచ్చటనే లేచును.

లోపలనా, వెలుపలనా?

తొడుగును పెట్టెకు వెలుపల వేయుట శాస్త్రరీత్యా ఉత్తమోత్తమము. ఉక్కు గదియొక్క ఉష్ణోగ్రతలోనే యుండును గనుక శీతకాలమున దానిపై నీరు దిగదు, ఛానెళ్ళ దొంగదారులు మూతపడును, 2.35 మీటర్ల వెడల్పులో ఒక్క సెంటీమీటరును పోదు. భారతి కేంద్రమున అనుసరించినది ఈ మార్గమే. జర్మనీ వాస్తుశిల్పులు రూపకల్పన చేసిన ఆ భవనమున 134 కంటైనర్లు అస్థిపంజరముగా లోపల నిలువగా, వానినన్నిటిని చుట్టి ఉష్ణనిరోధకమైన వేఱొక ఆచ్ఛాదన కట్టబడినది. కాని ఈ పద్ధతిలో పెట్టె తన రూపమును, లారీ మీది కెక్కు సౌలభ్యమును కోలుపోవును. కదలనక్కరలేని కట్టడమునకే ఇది తగును.

వేఱొక దారి చేపలు, మందులు చల్లగా మోసిన పాత రీఫర్ పెట్టెను కొనుట. దాని గోడలో రెండు లోహపు పొరల నడుమ పఫ్ కర్మాగారముననే నింపబడియుండును. లోపలి వెడల్పు 2.29 మీటర్లకు తగ్గుటయు, గోడ కోసినచో ఆ నడుమ పఫ్ బయటపడి నీరు పీల్చుటయు, నేల మీది అల్యూమినియం గాళ్ళను పూడ్చవలసివచ్చుటయు దాని లోపములు. గోదాముగా, సర్వర్ల గదిగా మంచిదే. కిటికీలు కావలసిన ఇంటికి అంత తగదు.

పదార్థముల తారతమ్యము

మనకు చౌకగా దొరకునది థర్మాకోల్. దాని నిరోధశక్తి తక్కువైనది కాదు; దోషమంతయు రూపమున నున్నది. చదునైన పలక మడతల గోడపై ఆనించినచో ప్రతి మడత వెనుకను నేలనుండి పైకప్పు వఱకు ఒక గాలిగొట్టము మిగులును. ఆ గొట్టములో గాలి తిరుగుచు ఆవిరిని రేకునకు చేరవేయును. మఱియు వైర్ల పీవీసీ తొడుగు థర్మాకోల్‌ను తాకియున్నచో అందలి మెత్తదనము నిచ్చు ద్రవ్యము క్రమముగా థర్మాకోల్‌లోనికి పోయి వైరు తొడుగు పెళుసగును. కావున వైర్లను పైపులలో నడపవలెను. థర్మాకోల్ జాతిదే యైన గట్టి ఎక్స్‌పీఎస్ పలక నీటిని పీల్చదు గనుక నేలకు మిక్కిలి తగినది, గోడ మడతల వద్ద దానికిని ఇదే చిక్కు. రాక్‌వూల్, గ్లాస్‌వూల్ మంటను తట్టుకొనును, శబ్దమును మ్రింగును, మడతలలో ఒదుగును. ఆవిరికి మాత్రము ద్వారములు తెఱచియుంచును.

పఫ్ కొట్టుట వీనికి భిన్నమైన వ్యాపారము. రెండు డ్రమ్ములనుండి వచ్చు ద్రవములు తుపాకి మొనవద్ద కలిసి, రేకుపై పలుచగా పడి, కొన్ని క్షణములలో ముప్పది రెట్ల వఱకు పొంగి గట్టిపడును. మడత లోతులోనికి, మూలల సందులలోనికి, వెల్డింగు గఱుకులోనికి దూరి రేకునకు అంటుకొనిపోవును. నడుమ గాలి లేదు. గాలి లేనిచోట ఆవిరి పోవుటకు త్రోవ లేదు. హైదరాబాదు శీతమునకును విశాఖ ఉక్కకును ఒకేమారు సమాధానము చెప్పు పదార్థము ఇదొక్కటే. కాని దాని వెల గట్టిది. అందలి ఐసోసైనేట్ ఆవిరులు ఊపిరితిత్తులకు హానికరములు, ఒకమారు పడనివారికి ఉబ్బసము తెచ్చును. కొట్టువాడు చేతిరుమాలు కట్టుకొని లోనికి పోవుట, మన ఊళ్ళలో కనబడు దృశ్యమే యైనను, అపరాధము. పొంగించు వాయువుగా పూర్వము వాడిన హెచ్‌సీఎఫ్‌సీ-141బి ఓజోను పొరకు చేటు తెచ్చునది. మన దేశము 2020 జనవరి 1 నాటికి దానిని విడిచినది. ఇంకొకటి: పఫ్ పట్టిన రేకుపై తరువాత వెల్డింగు చేయరాదు. కోతలు, చట్రములు, బ్రాకెట్లు అన్నియు ముందుగానే ముగియవలెను.

నేల, నిప్పు, గాలి

నేల 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్. పురుగు పట్టకుండ దానికి మందు పట్టించియుందురు. ఆ మందు పేరు తలుపుమీది లోహపు పలకపై చెక్కియుండును, కొనుటకు ముందు దానిని చదువుట మంచిది. పిల్లలు ప్రాకు నేల యైనచో ఆ ప్లైవుడ్‌ను తీసివేయుట శ్రేష్ఠము. కుదరనిచో ఎపాక్సీ పూసి మూసివేసి, ఎక్స్‌పీఎస్ పలకయు కొత్త బోర్డును పఱచి, పైన వినైల్ వేయవచ్చును. పెట్టె అడుగుభాగము నేలను తాకకుండ దిమ్మలపై నిలిపి గాలి యాడనీయవలెను.

నిప్పు విషయమున ఉదాసీనత తగదు. పఫ్‌యు థర్మాకోల్‌ను మండునవియే. పఫ్ మండునపుడు కార్బన్ మోనాక్సైడ్‌తోపాటు హైడ్రోజన్ సైనైడ్ కూడ వెలువడును. 2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ టవరు దగ్ధమై 72 మంది మరణించిన ఘోరము, వెలుపలి తొడుగును ఎన్నుకొనుటలోని నిర్లక్ష్యము ఎంతకు దారితీయునో లోకమునకు చూపినది. పెట్టెగదికి ప్రాయికముగా ఒకటే తలుపు; కావున పఫ్‌ను ఎన్నడును బయటకు కనబడనీయక 12 మిల్లీమీటర్ల జిప్సం బోర్డుతోనో, సిమెంటు ఫైబరు బోర్డుతోనో కప్పుటయు, రెండవచివర మనిషి దూరగల కిటికీ యుంచుటయు తప్పనిసరి. ఉక్కుపెట్టెకు ఎర్తింగును, లీకేజిని పసిగట్టి కరెంటు ఆపు ఆర్‌సీసీబీయు ఉండవలెనని వేఱుగ చెప్పనక్కరలేదు. తొడుగు పూర్తియైన పెట్టె గాలి చొరని డబ్బా యగును గనుక, స్నానపుగదిలోను వంటమూలను ఎగ్జాస్ట్ ఫ్యానును, ఎదురుగోడన గాలి వచ్చు కంతయు కావలెను. తడిని ఉత్పత్తిచోటనే బయటకు పంపుట ఏ పదార్థమునకంటెను చౌక.

నిర్ణయము

పై వాదములను తూచి చూడగా, మన ప్రాంతమున కదలగల పెట్టెగదికి ఈ వరుస యుక్తమని తోచుచున్నది. మొదట పైన నీడకప్పు, వెలుపల తెల్లరంగు. వెల్డింగు పనులు ముగిసిన పిదప రేకునకు 30 మిల్లీమీటర్ల పఫ్. దానిపై, రేకును తాకని చట్రమున, 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్. ఆపై జిప్సం లేక సిమెంటు బోర్డు, గాలిని ఆడనిచ్చు మామూలు రంగు. మొత్తము 9 సెంటీమీటర్లు. ముందు చెప్పిన హైదరాబాదు రాత్రిన పఫ్‌కును ఉన్నికిని నడుమనున్న తలము దాదాపు 17 డిగ్రీల వద్ద నిలుచును. తుషారస్థానము 16 గనుక నీరు దిగదు. విశాఖ ఉక్కలో రేకును పఫ్‌ను కలిసి వెలుపలి ఆవిరిని ఆపును. ఎట్లో దూరిన కొంచెము తడి బోర్డునుండి గదిలోనికి ఆఱిపోవును. మంటకు ఎదుట ఉన్నియు బోర్డును నిలుచును. విషపుపని సగమునకు తగ్గును. గదివైపు ప్లాస్టిక్ షీటు, వినైల్ వాల్‌పేపరు మాత్రము వలదు.

ఇన్ని పొరలు వేసిన పిమ్మట పెట్టెలో పెట్టెదనము ఎంత మిగిలినదని యడుగుట న్యాయమే. గోడ కోసితిమి, నేల మార్చితిమి, పైన కప్పు వేసితిమి; దాని కొనుగోలు ధరలోని చౌకతనము లోపలిపని ఖర్చులో ఎన్నడో కరగిపోయినది. నిజముగా మిగిలిన గుణము ఒకటే, లారీ యెక్కి మఱొక చోటికి పోగలుగుట. పని ముగిసినంతనే తరలిపోవలసిన సైటు ఆఫీసునకు, పక్కాకట్టడమునకు అనుమతి లేని అడవిపల్లె బడికి, ఇటుకయు ఇసుకయు చేరని మంచుఖండమునకు ఆ గుణము అమూల్యము. పట్టా గల సొంతస్థలమున, ఇటుకలు దొరకు ఊర, కదలింపదలచని ఇంటికై కంటైనరును కొనువాడు ఆ గుణమునకు వెల చెల్లించి దానిని వాడుకొనకున్నాడు. అతడు మేస్త్రీని పిలుచుటయే మేలు.